టీ తొణకని పడవ

మా జాయింట్ డైరెక్టరు గారు నీళ్లలో పడ్డ సంగతి రికార్డుల్లో ఎక్కడా లేదు. "కయాక్ అధికారి నుండి విడివడినది" అని మాత్రం ఉంది. ఆ వాక్యం రాసినవాణ్ణి నేనే కాబట్టి అసలు జరిగిందేమిటో చెప్పే బాధ్యత కూడా నా నెత్తినే పడింది.

నా పేరు ఉమాపతి. జలవిహార భద్రతా మండలిలో సూపరింటెండెంటుని. మా మండలిలో పద్నాలుగు మంది ఉన్నాం. ఒక్కడికీ ఈత రాదు. ఈత వచ్చినవాడికి నీళ్లంటే భయం ఉండదు, భయం లేనివాడికి భద్రత విలువ తెలియదు అని మా పై అధికారుల అభిప్రాయం.

కయాక్ అంటే మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేటంత సన్నటి ప్లాస్టిక్ పడవ. రెండు కొసలా రెక్కలున్న తెడ్డు పట్టుకుని అటొకటి ఇటొకటి వేసుకుంటూ పోవడమే. ఎవరో విదేశాల్లో చూసొచ్చి, మన గోదావరి పాయల్లో ఇవి దింపితే జనం విరగబడి వస్తారన్నారు. అంతే, ఉప్పులంకకి ఇరవై కయాక్‌లు లారీలో దిగాయి. ఉప్పులంక సముద్రం దగ్గర మడ అడవి అంచున ఉన్న చేపలవాళ్ల ఊరు.

ప్రారంభోత్సవం నాడు మా జాయింట్ డైరెక్టరు చంద్రమౌళీశ్వర్ గారు బిగించని లైఫ్ జాకెట్ మీద పూలదండ వేసుకుని మొదటి కయాక్‌లో కూర్చున్నారు. ఒడ్డునున్న ఫొటోగ్రాఫరు, సార్ ఇంకొంచెం కనపడాలన్నాడు. సార్ కనపడదామని లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తారు. సన్నటి పడవలో నిలబడి చేతులెత్తితే ఏమవుతుందో అదే అయింది. నడుంలోతు నీళ్లే గాని, దండ తేలింది, ఆయన మునిగారు.

ఆయన్ని పైకి లాగినవాడు నూకరాజు. ఆ ఊళ్లో పీతలు పట్టుకుని బతికేవాడు. రెండడుగుల వెడల్పున్న తాటి దోనె అతనిది, తండ్రి తొలిచింది. తెల్లారగట్ల మడ అడవి లోపలికి పోయి, ఇరుకు పాయలో పెట్టిన పీతల బుట్టలు ఎత్తుకుని, ఎండ ముదరకముందే తిరిగొస్తాడు. భార్య ఆదెమ్మ వాటిని సంతకి పట్టుకెళుతుంది. వాళ్ల ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగాలంటే ఆ దోనె ఆ పాయలోకి పోవాలి. ఇంకో దారి లేదు.

సరే, విచారణ సంఘం కూర్చుంది. మొదటి సాక్షి నూకరాజు. అతను చేతులు కట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఆయ్, సారు లేచి నిలబడ్డారండి. కూకునుంటే ఏం కాదండి. పడవ ఊగుద్దండి, దాంతోపాటు మనమూ నడుం వదులు చేసి ఊగాలండి. ఊగేది పడదండి."

నేను పక్కన కూర్చుని రాసుకుంటున్నాను. చంద్రమౌళీశ్వర్ గారు దాన్ని సరైన భాషలో పెట్టమన్నారు. "నిలబడిన అధికారికి తగు మద్దతు ఇచ్చుటలో కయాక్ విఫలమైనదని, పైగా ఊగు స్వభావము కలిగియున్నదని స్థానిక సాక్షి ధ్రువీకరించినాడు" అని పెట్టాను. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతని ఇంత గౌరవంగా రాయడం నా ముప్ఫై ఒక్కేళ్ల సర్వీసులో అదే మొదటిసారి.

దోషి ఎవరో తేలింది కాబట్టి ఇక శిక్ష తేలాలి. అందుకోసం డాక్టర్ ప్రభంజన్ గారిని స్థిరత్వ సలహాదారుగా తెచ్చారు. ఆయన అంతకుముందు ఓవర్‌హెడ్ ట్యాంకులకు సలహాలిచ్చేవారట. ట్యాంకు ఎటూ కదలదు గనుక ఆయన సలహా ఎన్నడూ తప్పలేదు. మొదటి మీటింగులోనే ఆయన బల్లమీద ఉన్న టీ గ్లాసు వైపు చాలాసేపు చూసి, ఈ టీ ఎందుకు తొణకడం లేదో ఎవరైనా ఆలోచించారా అని అడిగారు. ఎవరూ ఆలోచించలేదు. బల్ల స్థిరంగా ఉంది కాబట్టి, అన్నారాయన. మా జాయింట్ డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు.

అలా పుట్టింది టీ పరీక్ష. కయాక్ మధ్యలో అంచుదాకా నింపిన టీ గ్లాసు పెట్టాలి. మనిషి ఎక్కాలి, కూర్చోవాలి, లేచి నిలబడాలి, మర్యాదపూర్వకంగా చేతులెత్తాలి. చుక్క తొణికినా పడవ అస్థిరం. అస్థిరమైన పడవకు రెండు పక్కలా గాలి డబ్బాలు కట్టాలి. వాటికి ఉత్తర్వులో "పార్శ్వ ప్లవన సహాయకములు" అని పేరు పెట్టారు. ఉప్పులంకలో అందరూ డబ్బాలనే అన్నారు.

ఒక జత డబ్బాలకు నేనేమీ వ్యతిరేకిని కాను. కొత్తగా నేర్చుకునేవాళ్లకీ, నిలబడి గాలం వేసే పెద్దవాళ్లకీ అవి మంచివేనని నూకరాజు కూడా ఒప్పుకున్నాడు. కాకపోతే కొంచెం బరువు లాగుతాయి, నాచు పట్టుకుంటాయి, పక్కనించి అల వస్తే దానితో పాటు ఒరగకుండా ఎదురు తంతాయి అన్నాడు. అది రాసుకోమని నాకెవరూ చెప్పలేదు.

ఒక జత కట్టారు. టీ తొణికింది. రెండో జత కట్టారు. తొణికింది గాని తక్కువ తొణికింది. ఇంకేం, దారి కనపడింది కదా! ముందొకటి, వెనకొకటి, మళ్లీ పక్కలకి ఇంకో జత. మొత్తం ఎనిమిది డబ్బాలు కట్టేసరికి పడవ తొమ్మిదడుగుల వెడల్పయింది. టీ అద్దంలా నిలిచింది. అయితే కూర్చున్నవాడి తెడ్డు నీళ్లకి అందలేదు, డబ్బాలకి కొట్టుకుంటోంది. పిచ్చి కుదిరింది రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికొకడు. ఆ ప్రకారమే తెడ్డు పొడుగు చేయించారు. పదిహేనడుగుల తెడ్డు ఎత్తడానికి ఇద్దరు కావాలి, ఇద్దరు ఎక్కితే టీ తొణుకుతుంది.

పడవ కదలడం లేదు సార్ అని నేనొక చిన్న నోట్ పెట్టాను. దాని మార్జిన్‌లో చంద్రమౌళీశ్వర్ గారు స్వహస్తాలతో రాశారు: "స్థిరత్వము మన పరిధిలోనిది. చలనము మన పరిధిలోనిది కాదు." ఆ నోటుని నేను ఇప్పటికీ దాచుకున్నాను.

ఇంతవరకూ బాగానే ఉంది. పర్యాటకులు వచ్చేవారు, ఒడ్డున కట్టేసిన కయాక్‌లో కూర్చునేవారు, ఫొటో దిగి పోయేవారు. ఎవరికీ నష్టం లేదు. కాని ఉత్తర్వు అన్నాక నిర్వచనం ఉండాలి కదా. కయాక్ అంటే ఏమిటని న్యాయ విభాగం అడిగితే ప్రభంజన్ గారు రాసిచ్చారు. "వెడల్పు కన్నా పొడవు ఎక్కువ కలిగి, మనిషి కూర్చున్నచో తేలు ప్రతి సాధనమూ కయాక్‌గా భావించబడును." దీని ప్రకారం ఉప్పులంకలోని పదకొండు తాటి దోనెలూ తెల్లారేసరికి కయాక్‌లైపోయాయి.

నూకరాజు దోనెని పరీక్షకి తెమ్మన్నారు. తెచ్చాడు. మా వాళ్లు టీ గ్లాసు ఇచ్చారు. దాన్ని అతను ఎడం చేత్తో పట్టుకుని, కుడి చేత్తో గెడ పోటేస్తూ, దోనెలో నిలబడి పాయ మధ్యదాకా పోయి, గుండ్రంగా తిరిగి ఒడ్డుకొచ్చాడు. దోనె ఊగుతూనే ఉంది. అతని నడుం కూడా దానితో ఊగుతూనే ఉంది. గ్లాసులోంచి ఒక్క చుక్క కింద పడలేదు. వచ్చి, మా అందరి ముందూ ఆ టీ తాగేశాడు. నాకు ఈల వెయ్యాలనిపించింది, గెజిటెడ్ అధికారుల ముందు ఈల వెయ్యకూడదు గనుక ఊరుకున్నాను.

ప్రభంజన్ గారు మాత్రం తల అడ్డంగా ఆడించారు.

"గ్లాసు మనిషి చేతిలో ఉండరాదు, సాధనం మీద ఉండాలి. ఇది మనిషి స్థిరత్వం. మనిషి మారుతుంటాడు, పోతుంటాడు. మన ప్రమాణం మనిషి మీద ఆధారపడకూడదు."

గ్లాసు దోనె మీద పెట్టారు. తొణికింది. ఆ సాయంత్రానికల్లా దానికీ, మిగతా పది దోనెలకీ ఎనిమిదేసి డబ్బాలు బోల్టులు వేసి బిగించారు. బోల్టు విప్పితే దోనె జప్తు చేస్తామని సంతకం పెట్టించుకున్నారు. ఇరుకు పాయ నోరు ఐదడుగులు. మర్నాడు నూకరాజు ఆ నోటిదాకా పోయి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేశాడట. లోపల బుట్టల్లో పీతలు పడ్డాయో, ఒకదాన్నొకటి తినేశాయో చూడటానికి కూడా వీల్లేకపోయింది.

వారం తరవాత ఆదెమ్మ మా ఆఫీసుకి వచ్చింది. ఖాళీ గంప నా బల్ల మీద పెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు.

"మా ఆయన నీళ్లలో పడకుండా చేశారండి, బానే ఉంది. పొయ్యి మీద ఏం పెట్టమంటారో అది కూడా ఆ కాయితంలో రాయండి బాబుగారూ."

 ఆ రోజే నోట్ పెట్టాను. దోనెలకి మినహాయింపు ఇవ్వాలని, లేకపోతే పదకొండు కుటుంబాలు పస్తులుంటాయని రాశాను. నోట్ తిరిగొచ్చింది. దోనె వెడల్పు తగ్గించుట భద్రతకు విరుద్ధం, కాబట్టి పాయ వెడల్పు పెంచుటకు సంబంధిత శాఖకు వ్రాయగలరు అని ఉంది. రాశాను. మడ చెట్లు కొట్టడానికి వీల్లేదని ఆ శాఖ జవాబిచ్చింది. అంతవరకూ న్యాయమే. చివర్న ఇంకో వాక్యం ఉంది. "పీతలు వెలుపలి జలములలోనికి వచ్చు అవకాశములను మీ స్థాయిలో పరిశీలించగలరు." ఔరా, అనుకున్నాను. పీతలకి ఏ భాషలో రాయాలో మాత్రం చెప్పలేదు.

మూడు నెలలు ఇలాగే గడిచాయి, దోనెలవాళ్లు అప్పుల మీదా గంజి మీదా బతికారు. మూడు నెలల్లో ఉప్పులంకలో ఒక్క పడవా బోల్తా పడలేదు. ఒక్క పడవా కదలలేదు గనుక. కాని ఈ రెండో వాక్యం నివేదికలో లేదు. దాంతో మా మండలికి శూన్య ప్రమాద ప్రశంసాపత్రం వచ్చింది. దాన్ని అందుకోవడం నీళ్ల మీదే జరగాలని చంద్రమౌళీశ్వర్ గారు పట్టుబట్టారు. నమూనా కయాక్‌కి డబ్బాల మీద పలకలు పరిచి, ముగ్గురం కూర్చున్నాం. సార్, ప్రభంజన్ గారు, ప్రశంసాపత్రం ఉన్న ఫైలు పట్టుకుని నేను. మధ్యలో టీ గ్లాసు. ఒడ్డునించి తాడు పట్టుకున్నవాడు ఫొటో తియ్యడానికి తాడు వదిలేశాడు.

అప్పుడు పోటు మీద ఉంది సముద్రం. పోటు నీళ్లు మెల్లిగా మమ్మల్ని మడ అడవి వైపు తీసుకుపోయాయి. మాకు తెడ్డు లేదు, ఉన్నా అందదు. ఇరుకు పాయ నోటి దగ్గరకి పోయి, నోటికి అడ్డంగా, రెండు పక్కలా మడ వేళ్ల మధ్య డబ్బాలు ఇరుక్కుని ఆగిపోయాం. చూశారా, ఇంత తోపుడులోనూ టీ తొణకలేదు అన్నారు ప్రభంజన్ గారు. అది నన్ను నమోదు చెయ్యమన్నారు. చేశాను.

ఆ తరవాత పోటు తీసి పాటు మొదలైంది. నీళ్లు కిందికి పోయాయి. మేము మాత్రం వేళ్లకి తగులుకుని పైనే ఉండిపోయాం. కింద ఛాతీలోతు బురద. మధ్యలో సన్నటి కాలవలా రెండున్నర అడుగుల వెడల్పున నీళ్లు మిగిలాయి. పైన ఎండ, చుట్టూ దోమలు. స్థిరత్వానికి మాత్రం ఏ లోటూ లేదు. గంట గడిచేసరికి చంద్రమౌళీశ్వర్ గారు కేకలు వెయ్యడం మొదలుపెట్టారు.

కేకలు విని నూకరాజు పాయ నోటి బయటదాకా వచ్చి, తొమ్మిదడుగుల వెడల్పయిన తన దోనెలో నిలబడ్డాడు. మళ్లీ పోటు రాత్రికి గాని రాదని, అదైనా పొద్దుటంత ఎత్తు లేవదని, ఇప్పుడు దిగకపోతే రేపటిదాకా ఉండాల్సిందేనని చెప్పాడు. డబ్బాలు విప్పితే ఐదు నిమిషాల్లో వస్తానన్నాడు. విప్పవయ్యా బాబూ అని సార్ అరిచారు. విప్పితే దోనె జప్తు కదండీ, కాయితం ఇప్పించండి అన్నాడు అతను. అంత ఇబ్బందిలోనూ నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది.

ఫైలులో తెల్ల కాగితం మిగల్లేదు. ప్రశంసాపత్రం వెనక్కి తిప్పి, సార్ చెబుతుంటే నేను ఉత్తర్వు రాశాను. అది చేరాలంటే బరువు కావాలి. టీ పారబోసి, కాగితం గ్లాసులో కుక్కి విసిరాను. నూకరాజు తడుముకుంటూ చదువుకున్నాడు, సంతకం చూసుకున్నాడు, మడిచి నడుం దగ్గర దోపుకున్నాడు. అప్పుడు గాని బోల్టుల మీద చెయ్యి వెయ్యలేదు.

సన్నటి దోనె ఆ కాలవలోకి జారిపోయి మా కిందికి వచ్చింది. ముందుగా సార్‌ని దింపాం. అలవాటు ప్రకారం ఆయన దోనెలో నిలబడబోయారు.

"కూకోండి," అన్నాడు నూకరాజు. "నడుం వదిలెయ్యండి. అదెటు ఊగితే అటు ఊగండి."

మా సార్‌ని కూర్చోమన్నవాడు నాకు తెలిసి అతనే. సార్ కూర్చున్నారు, ఊగారు, పడలేదు. ఎలాగూ పాయలోకి వచ్చాను కదా అని నూకరాజు దారిలో తన పాత బుట్టలు రెండు ఎత్తి దోనెలో కుమ్మరించాడు. బతికున్న పీతలు నాలుగు సార్ కాళ్ల దగ్గర తిరుగుతుంటే, ఆయన మోకాళ్లు గడ్డందాకా ముడుచుకుని ఎంతో కుదురుగా ఒడ్డు చేరారు.

ఇక డబ్బాల పీడ వదిలిందని నేను సంబరపడ్డాను. నా పిచ్చి గాని, మండలి తప్పు ఒప్పుకుంటే ఇక మండలి ఎందుకు? మర్నాటి సవరణ ఉత్తర్వు ఇలా ఉంది. "చిక్కుకొనిన అధికారిని రక్షించు నిమిత్తము మాత్రమే, సదరు రక్షణ కొనసాగినంత సేపు మాత్రమే, పార్శ్వ ప్లవన సహాయకములను తొలగించవచ్చును. తదుపరి వెంటనే బిగించవలెను."

దాన్ని నాలుగుసార్లు చదివాను. ఐదోసారి నాకు ఒళ్లు మండింది, ఆరోసారి బుర్ర పనిచేసింది. ఏ అధికారి చిక్కుకోవాలో ఇందులో లేదు. ఎన్నిసార్లో లేదు. ఒక అధికారిని పదకొండు దోనెలు కలిసి రక్షించరాదని కూడా లేదు. వెంటనే నోట్ పెట్టాను. సవరణ ఉత్తర్వు అమలును పరీక్షించుటకు ప్రతి పనిదినమున ఒక అధికారి ఇరుకు పాయలో చిక్కుకొనుట ఆవశ్యకము అని. చంద్రమౌళీశ్వర్ గారికి తెగ నచ్చింది. చిక్కుబడు అధికారిగా నన్నే వేశారు.

ఆ రోజునించి నేను తెల్లారేసరికి ఉప్పులంక పోయి, పాయ నోటి దగ్గర మడ వేళ్ల మీద వేసిన పలక మీద కూర్చుని, చిక్కుకున్నానని రిజిస్టరులో సంతకం పెట్టేవాణ్ణి. పదకొండు దోనెలు డబ్బాలు విప్పుకుని నన్ను రక్షించడానికి బయల్దేరేవి. నన్ను నూకరాజు దోనెలో కూర్చోబెట్టుకుని పాయంతా తిప్పుతూ బుట్టలెత్తేవాడు. ఎండ ముదిరే వేళకి రక్షణ ముగిసేది. ఆదెమ్మ గంప నిండేది. నడుం వదులు చేసి ఊగడం నాకు కూడా కొంచెం కొంచెం పట్టుబడింది.

ఇంతలో దసరాకి వరసగా నాలుగు రోజులు సెలవులొచ్చాయి. రెండు రోజులు పడుకుని తిన్నాను. మూడో రోజు పొద్దున మా ఇంటి గేటు దగ్గర నూకరాజు నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కొత్తగా వేసిన బుట్టలు లోపలే ఉన్నాయని, ఇంకో రోజు ఉంటే పీతలు చచ్చిపోతాయని, ఇంట్లో నిన్నటినించీ గంజేనని మెల్లిగా చెప్పాడు.

"మీకు సెలవండి. పీతలకి లేదండి. ఆకలికీ లేదండి."

సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. మా ఆవిడ బూరెల మూకుడు పొయ్యి మీద పెట్టి పిలుస్తోంది. నేను చొక్కా తగిలించుకుని అతని వెంట పోయి, పాయ నోట్లో కూర్చుని, రిజిస్టరులో సంతకం పెట్టాను. పదకొండు దోనెలూ లోపలికి పోయాయి.

సెలవులయ్యాక ఆఫీసుకి వెళితే నా బల్ల మీద మెమో ఉంది. సెలవు దినమున ముందస్తు అనుమతి లేకుండా చిక్కుకొనినందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదో ఏడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను అని. అందరి సంజాయిషీలూ రాసిపెట్టేవాణ్ణి నేనే. అయినా నాది నాకు తోచలేదు. చివరికి మామూలు తెలుగులో రాశాను. "ముప్ఫై ఒక్కేళ్లలో నేను నా అంతట నేనుగా ఒక ఇంటి పొయ్యి వెలిగించింది ఆ ఒక్క రోజే. అందువల్ల అది సెలవు రోజని గుర్తు రాలేదు."

జవాబు సంతృప్తికరముగా లేదని, ఇంటి పొయ్యి మండలి పరిధిలోనిది కాదని తిరిగొచ్చింది. ఇంక్రిమెంటు ఆపారు. చిక్కుబడు అధికారి పోస్టు రద్దు చేశారు. పదకొండు దోనెలూ ఒడ్డున డబ్బాలతో ఉన్నాయి. ఈ ఏడు కూడా మాకు ప్రశంసాపత్రం వస్తుందంటున్నారు.